తూర్పు నౌకాదళాధిపతి ఓడల వెంట సముద్రంలోకి వెళ్తారా?

“విశాఖలో ఉండే తూర్పు నౌకాదళాధిపతే కదా యుద్ధనౌకలను వెంటబెట్టుకుని వెళ్లేది?” అని అడిగారు. కాదండీ. ఈ గందరగోళంలో సగం పాపం మన పత్రికలదే. ఒడ్డున ఉండే కమాండ్‌నూ, నీళ్లమీద తిరిగే ఫ్లీట్‌నూ కలిపి ‘తూర్పు నౌకాదళం’ అని రాసి చేతులు దులుపుకుంటాయి. కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్. ఆయన కుర్చీ విశాఖలో, నేల మీదే ఉంటుంది. ఓడలతో కదిలేది ఆయన కింద పనిచేసే రియర్ అడ్మిరల్. కమాండ్ 1968లో ఏర్పడితే, ఫ్లీట్ 1971 నవంబరు 1న, పాకిస్తాన్‌తో యుద్ధానికి సుమారు నెల ముందు పుట్టింది. ముంబయిలోనూ ఇదే పద్ధతి. కొచ్చిది ప్రధానంగా శిక్షణ కమాండ్, దానికి ఇలాంటి ఫ్లీట్ లేదు.

నేను సిగ్నల్ విభాగంలో పనిచేశాను. ఒకసారి ఫ్లీట్ అధిపతి మా ఓడ ఎక్కారు. ఆయన జెండా ఎగిరిన ఓడే ఫ్లాగ్‌షిప్. మేం ముందు, వెనక వరుసగా నాలుగు ఓడలు. ఆ రోజు విన్యాసాల్లో రేడియో వాడకూడదు, అంతా జెండాలతోనే. అందరూ కుడికి తిరగాలని జెండాలు ఎగరేశాను. వెనక ఓడలు జవాబు జెండాను సగం దాకా ఎత్తాయి, చూశామని. తర్వాత కొస దాకా ఎత్తాయి, అర్థమైందని. ఇక మా జెండాలు దించిన క్షణంలోనే అన్నీ తిరగాలి.

దించబోతే తాడు కప్పీలో ఇరుక్కుంది. వేల టన్నుల ఓడలు చిటికెనవేలంత తాడు కోసం కాచుకున్నాయి.

అడ్మిరల్ నన్ను ఒక్క మాట అనలేదు. మా కెప్టెన్ వైపు చూశారు. కెప్టెన్ సిగ్నల్ ఆఫీసర్ వైపు, ఆయన మా నావికుల పెద్ద అయిన చీఫ్ వైపు చూశారు. మా చీఫ్ మాత్రం చూసి ఊరుకునే రకం కాదు. నౌకాదళంలో అధికారం పైనుంచి కిందికి ఎలా దిగుతుందో ఆ పది సెకన్లలో తెలిసింది.

చివరికి తాడు వదిలింది. అప్పుడు కూడా చుక్కాని పట్టినవాడికి చెప్పింది కెప్టెనే. ఫ్లీట్ తిరగాలనడం వరకే అడ్మిరల్ పని, పక్కనే నిలబడ్డా ఓడ జోలికి రారు. అత్తగారు ఎదురుగా కూర్చున్నా గరిటె కోడలిదే అన్నట్టు. మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ ఒక్కటి పాటిస్తే ఫైళ్లు వాటంతటవే కదులుతాయి.

అన్నట్టు, ఐఎన్ఎస్ అంటే ‘భారత నౌకాదళ ఓడ’ అనే అర్థమైనా, ఆ పేరున్నదల్లా ఓడ కాదు. ఒడ్డున కట్టిన స్థావరాలకూ అదే పేరు పెడతారు. పెళ్లిచూపుల్లో నేను ఐఎన్ఎస్ సర్కార్స్‌లో ఉన్నానంటే, మా మామగారు ఆ ఓడ మళ్లీ రేవుకు ఎప్పుడు వస్తుందని అడిగారు. “అది కదలదండీ, దానికి పునాదులున్నాయి” అన్నాను. అబ్బాయి ఉద్యోగం నిజమేనా అని ఆ సాయంత్రమే మా వీధిలో ఆరా తీయించారట.