ఎనుము బస్సెక్కితే అర్థమేంటి?

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం. కార్టూన్లు గీస్తా. మొన్న ఒకటి గీశా, పలమనేరు బస్సులో కిటికీ పక్క సీట్లో ఎనుము కూర్చుని ఉంటుంది, కండక్టరు చిల్లర అడుగుతుంటాడు. చూసినోళ్లంతా 'దీనికి అర్థమేంట్రా' అంటున్నారు. పత్రికకు పంపితే వేసుకోలేదు. ఇట్లాంటివి గీసి బతికినోళ్లు ఎవరైనా ఉన్నారా? (బొమ్మ జత చేశా.)

జవాబు: ఉన్నారు తమ్ముడూ, దర్జాగా బతికారు. గ్యారీ లార్సన్ అని, 1950లో అమెరికాలోని టకోమాలో పుట్టాడు. మ్యూజిక్ షాపులో ఉద్యోగం విసుగొచ్చి, 1976లో ఆరు కార్టూన్లు గీసి ఓ పత్రికకు పట్టుకెళ్తే 90 డాలర్లు ఇచ్చారు. తర్వాత సియాటిల్ టైమ్స్‌లో వారం వారం వేశాడు, అదీ పిల్లల పజిల్ పక్కన, ఇక ఫిర్యాదులు రాకుండా ఎట్లా ఉంటాయి, ఏడాదికే ఆపేశారు. సరిగ్గా అప్పుడే శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ వాళ్లు తీసుకున్నారు కాబట్టి సరిపోయింది. 1980 జనవరి 1న 'ది ఫార్ సైడ్' పేరుతో మొదలై పదిహేనేళ్లు నడిచింది, 1900కు పైగా పత్రికల్లో వచ్చింది. కాబట్టి ఒక్కసారి వేసుకోలేదని దిగులు పడకు.

ఇక అర్థం గొడవ ఆయనకూ తప్పలేదు. 1982లో ఒక కార్టూన్ వేశాడు. ఓ ఆవు రెండు కాళ్ల మీద నిలబడి ఉంటుంది, ముందు బల్ల, దాని మీద నాలుగు వంకరటింకర వస్తువులు, కింద 'ఆవు పనిముట్లు' అని రాసి ఉంటుంది, అంతే. జనం ఉత్తరాలు, ఫోన్లు, మాకు అర్థం కాలేదు మహాప్రభో అని. చివరికి ఆయన పత్రికలకు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది: ఆవు పనిముట్లు చేస్తే అంతకన్నా నాణ్యంగా వస్తాయా అన్నదే జోకు! చిక్కెక్కడ వచ్చిందంటే, నాలుగింటిలో ఒకటి రంపంలాగా కనిపిస్తుంది. అది రంపమైతే మిగతా మూడూ ఏంటని జనం బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. అర్థం లేకపోతే ఎవరూ ఏమీ అనరు గానీ, ఉన్నట్టు ఆశపెట్టి ఇవ్వకపోతే ఊరుకోరు.

నీ బొమ్మ చూశా. ఐడియా నాకు నచ్చింది, గీసిన తీరే నచ్చలేదు. ఎనుముకు కూలింగ్ గ్లాసెస్ పెట్టావు, కండక్టరుకు గుడ్లు బయటికొచ్చాయి, డ్రైవరు వెనక్కి తిరిగి నోరెళ్లబెట్టాడు, వెనక సీటు పెద్దాయన మీద చెమట చుక్కలు! బస్సులో ఉన్నోళ్లే ఇంతమంది ఆశ్చర్యపోతే ఇక చదివేవాడికి ఏం మిగిల్చావు? లార్సన్‌ది ఇంకో కార్టూన్ ఉంది. రోడ్డు పక్క పొలంలో ఆవులు రెండు కాళ్ల మీద నిలబడి తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటుంటాయి, ఒకటి 'కారొస్తోంది!' అంటుంది, అన్నీ దభీమని నాలుగు కాళ్ల మీదికి దిగి గడ్డి మేస్తాయి, కారు పోగానే మళ్లీ లేచి నిలబడతాయి. వాటి మొహాల్లో ఏ భావమూ ఉండదు. అది చూశాక చిత్తూరు రోడ్డులో ఆవుల్ని మామూలుగా చూడలేకపోతున్నా, అది వేరే విషయం.

కాబట్టి ఆ కూలింగ్ గ్లాసెస్ తీసెయ్. కండక్టరు చేతిలో టికెట్ మెషిన్, చంకలో తోలు సంచి, మొహంలో పొద్దుటి నుంచీ చిల్లర అడిగి అడిగి వచ్చిన విసుగు, అంతే ఉండాలి. పక్క సీటావిడ పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని నిద్రపోతుండాలి. గీసి మళ్లీ పంపు.

ప్రశ్న: నేను సైన్స్ టీచర్ని, చంద్రగిరి. జంతువుల చేత మాట్లాడించే ఇలాంటి కార్టూన్లు పిల్లలకు తప్పుడు సైన్స్ నేర్పవా?

జవాబు: మీలాంటి వాళ్లు లార్సన్‌నూ వదల్లేదు మేడమ్! ఆయన కార్టూన్ ఒకదాంట్లో ఓ మగదోమ ఆఫీసు నుంచి వచ్చినట్టు అలసిపోయి ఇంటికొచ్చి, ఇవాళ సగం దేశానికి మలేరియా అంటించానని పెళ్లాంతో చెప్తుంది. కుట్టేది ఆడదోమ కదా అని పాఠకులు తగులుకున్నారు. నిజమే, తప్పే. కానీ దోమలు బట్టలేసుకుని ఇంట్లో కాపురం చేస్తుంటే దానికెవరికీ అభ్యంతరం లేదేంటని ఆయన ఆశ్చర్యపోయాడు.

అసలు సైంటిస్టులే ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. స్టెగోసారస్ అనే డైనోసార్ తోక చివర ముళ్లుంటాయి కదా, వాటిని ఒక కార్టూన్‌లో ఆదిమానవుడు క్లాసు చెప్తూ, వాటి దెబ్బకు పోయిన థాగ్ అనే తోటివాడి పేరు మీద 'థాగోమైజర్' అంటాడు. డైనోసార్లు పోయిన కోట్ల ఏళ్లకు గానీ మనిషి రాలేదు, అది మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా కెన్ కార్పెంటర్ అనే శాస్త్రవేత్త 1993లో ఆ పేరే వాడాడు, అది నిలబడిపోయింది. గుడ్లగూబల మీద బతికే ఓ పేను జాతికి 1989లో లార్సన్ పేరే పెట్టారు. పిల్లలకు చూపించి తప్పెక్కడుందో పట్టమనండి, ఆ పాఠం మరిచిపోరు.

ప్రశ్న: పేరున్న వాళ్ల మీద జోకులేస్తే కేసులు పెట్టరా? – ఓ గృహిణి, పుత్తూరు

జవాబు: పెట్టేదాకా వచ్చింది. 1987లో లార్సన్ వేసిన ఓ కార్టూన్‌లో ఆడ చింపాంజీ మొగుడి ఒంటి మీద తెల్లతోలు వాళ్ల బంగారు రంగు వెంట్రుక ఏరి, మళ్లీ ఆ జేన్ గుడాల్‌తో (చింపాంజీల మీద పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త) 'పరిశోధన' చేస్తున్నావా అని నిలదీస్తుంది. (మన వారపత్రికల్లో అప్పడాల కర్ర పట్టుకున్న భార్యే, కాకపోతే అడవిలో.) గుడాల్ సంస్థ వాళ్లకు కోపమొచ్చి లాయర్ నోటీసులాంటి ఉత్తరం రాశారు. తీరా గుడాల్ గారు చూసి పడీపడీ నవ్వారు, తర్వాత లార్సన్ పుస్తకానికి ముందుమాట కూడా రాశారు. ఆ బొమ్మతో అమ్మిన టీషర్టుల లాభం ఆమె సంస్థకే వెళ్లింది.

ప్రశ్న: ఆయన ఇప్పుడూ గీస్తున్నారా? – ఓ పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: 1995లో 44 ఏళ్లకే ఆపేశాడు, అలసిపోయాడు, ఇంకా లాగితే నాసిరకంగా తయారవుతాయన్న భయం. పాతికేళ్ల తర్వాత, 2020లో, ఇంక్ పెన్ను మాటిమాటికీ మొరాయిస్తోందని విసిగి డిజిటల్ ట్యాబ్లెట్ కొన్నాడు, సరదా పుట్టి మళ్లీ కొన్ని కొత్తవి గీసి ఆన్‌లైన్‌లో పెట్టాడు.