బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారితే నా డిజైన్లు పోతాయా?

పోవు. మీ డిజైన్లు దాచిన ఎస్‌వీజీ ఫైళ్లు మీ ఫోల్డర్‌లోనే ఉంటాయి, కొత్త వెర్షన్ వేసుకున్నంత మాత్రాన వాటికేమీ కాదు. అసలు జాగ్రత్త కొలతల దగ్గరే. 2017లో వచ్చిన 0.92 వెర్షన్ నుంచి ఇంక్‌స్కేప్ అంగుళానికి 90 పిక్సెళ్ల లెక్క మానేసి 96 పట్టుకుంది. దాంతో అంతకుముందు గీసిన 100 మిల్లీమీటర్ల గీత 93.75కి తగ్గిపోవచ్చు. స్టెన్సిళ్లు, లేజర్ కటింగ్ చేసేవాళ్లకు ఇది పెద్ద దెబ్బే. అలాంటి ఫైల్ తెరిస్తే స్క్రీన్ కోసమా, ప్రింట్ కోసమా అని అడుగుతుంది. కొలత ముఖ్యమైతే ప్రింట్ ఎంచుకోండి, బ్యాకప్ దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. దయచేసి తొందరలో ఓకే నొక్కేయకండి! విడిగా వేసుకున్న పాత ఎక్స్‌టెన్షన్లు (అదనపు పనుల కోసం జోడించే చిన్న ప్రోగ్రాములు) మాత్రం 1.0 వెర్షన్ తర్వాత పనిచేయకపోవచ్చు. ముందుగా ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే ఏ టెన్షనూ ఉండదు.