మ్యాగ్నెట్ పట్టీకి ముందు మంచు నీళ్లు

ప్రశ్న: మా గుర్రానికి ఎనిమిదేళ్లు, జంపింగ్ పోటీలకు తయారు చేస్తున్నాం. శిక్షణ జరిగిన మర్నాడు పొద్దున ముంగాళ్లు రెండూ మోకాలి కింద ఉబ్బి ఉంటున్నాయి, నడిపిస్తే తగ్గుతున్నాయి. కుంటడం లేదు. ఐస్ బూట్లు, మ్యాగ్నెట్ పట్టీలు, విద్యుత్ అయస్కాంత తరంగాల దుప్పటి కొన్నాం. ఏది ఎప్పుడు, ఎంతసేపు వేయాలి?

జవాబు: రెండు కాళ్లూ ఒకేలా ఉబ్బి, నడకతో తగ్గుతోందంటే చాలావరకు అది కొట్టంలో కదలకుండా నిలబడటం వల్ల చేరిన నీరే. గుర్రానికి మోకాలి కింద కండరం దాదాపు ఉండదు. నడుస్తున్నప్పుడు గిట్ట నేలకు నొక్కుకోవడమే రక్తాన్ని, ద్రవాన్ని పైకి తోస్తుంది. అందుకే మీరు కొన్న వాటన్నిటికంటే ముందు, పని అయ్యాక 10–15 నిమిషాల నడక, వీలైతే ఆరుబయట తిరిగే చోటు ఇవ్వండి.

ఒక్క కాలే ఉబ్బినా, కాలి వెనక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి గట్టి కణజాలం) వేడిగా తగిలినా, నొక్కితే కాలు లాక్కున్నా విషయం వేరు. అప్పుడు పనికి పెట్టకుండా పశువైద్యుడిని పిలిచి అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించండి. చల్లదనం, కట్టు కలిసి నొప్పిని, వాపును ఒక రోజు కప్పేస్తాయి. ఆ ఒక్క రోజు దూకించినా టెండన్‌లోని చిన్న చీలిక పెద్దది కావచ్చు.

మీ దగ్గరున్న వాటిలో నేను గట్టిగా చెప్పగలిగేది ఐస్ బూట్ల గురించే. దౌడు తీసే గుర్రంలో టెండన్ లోపలి వేడి 45 డిగ్రీల దాకా వెళ్తుంది. దానికి రక్త ప్రసరణ తక్కువ కాబట్టి ఆ వేడి త్వరగా దిగదు. పనిలో వేసిన రక్షణ బూట్లను దిగగానే తీసేయండి, అవి వేడిని పట్టి ఉంచుతాయి. ఆ తర్వాత మోకాలి కింద దాకా వచ్చే బూట్లలో మంచు ముక్కలు, నీళ్లు కలిపి నింపి 20 నిమిషాలు ఉంచండి. గడ్డకట్టిన జెల్ ప్యాక్ కాలికి అక్కడక్కడే ఆనుతుంది, నీళ్లు చుట్టూ అంటుకుంటాయి. తీశాక గిట్ట పైన మడతల్లో తడి లేకుండా తుడవాలి, లేదంటే చర్మం పుండవుతుంది. కాలు చల్లగా ఉండగా మళ్లీ పనికి తీయకండి.

రాత్రికి కట్టు కట్టాలంటే కింద మందపాటి ప్యాడ్ ముడతలు లేకుండా పరవండి. పట్టీని కాలి ముందు నుంచి బయటి వైపుగా వెనక్కి తిప్పుతూ, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా, ఒకే బిగువుతో చుట్టండి. పై అంచులో ఒక వేలు దూరాలి. ఒకచోట ఎక్కువ బిగిస్తే ఆ ఒత్తిడికే టెండన్ దెబ్బతింటుంది, ఈ పొరపాటు చాలా చోట్ల జరుగుతుంది. 12 గంటల్లోపు విప్పి చేత్తో తడిమి చూడండి.

మ్యాగ్నెట్ పట్టీలు రక్త ప్రసరణ పెంచుతాయనడానికి సరైన ఆధారాలు లేవు. వేస్తే కట్టు నియమాలే పాటించండి. ఏ పట్టీ కిందా ఘాటైన లినిమెంట్ (నొప్పికి రుద్దే మందు) రాయకండి, చర్మం బొబ్బలెక్కుతుంది.

దుప్పటి వల్ల కొన్ని గుర్రాల వీపు వదులవుతున్నట్టు కనిపిస్తుంది, ఆధారాలు మాత్రం మిశ్రమంగానే ఉన్నాయి. చెమట ఆరి, మలద్వార ఉష్ణోగ్రత 38.5 డిగ్రీలకు దిగాకే వేయండి. మొదటిసారి తక్కువ స్థాయిలో, పక్కనే నిలబడి పెట్టండి. టకటక చప్పుడుకు గుర్రం బెదరవచ్చు. కొత్త గాయం మీద, జ్వరంలో వాడకండి. పోటీ జరిగే రోజుల్లో ఏ పరికరాలకు అనుమతి ఉందో నిర్వాహక సమాఖ్య నిబంధనల్లో ముందే చూసుకోండి.