తిరుపతి ఎక్కడ ముగుస్తుంది? మీ మామిడి తోటపై పన్ను ఎంత?

ప్రశ్న: రామచంద్రాపురం మండలంలో నాన్నగారి నుంచి నాకు సంక్రమించిన ఎకరం యాభై సెంట్ల మామిడి తోటను 90 లక్షలకు అడుగుతున్నారు. ఇది తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి కాబట్టి నగరం కిందే లెక్క, పన్ను తప్పదు అని మధ్యవర్తి అంటున్నాడు. మాది పంచాయతీ, పైసా కట్టనక్కర్లేదు అని ఊళ్లో వాళ్లు చెబుతున్నారు. నేను ఉపాధ్యాయుడిని; తోట సాగు నేనే చూసుకుంటాను. వచ్చిన డబ్బుతో తిరుపతిలో ప్లాటు కొనాలని ఉంది. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరూ చెబుతున్నవి నిజమైన హద్దులే, కానీ మీ పన్నును తేల్చేది ఆ రెండూ కావు. 1886లో మునిసిపాలిటీగా మొదలై 2007లో నగరపాలక సంస్థ అయిన తిరుపతికి ఒక హద్దు ఉంది. 1981లో ఏర్పడిన తుడాకు అంతకంటే చాలా పెద్ద హద్దు ఉంది. అది ప్రణాళికలు, లేఅవుట్ల అనుమతులు చూసే సంస్థే తప్ప మునిసిపాలిటీ కాదు. 2022లో వచ్చిన తిరుపతి జిల్లా హద్దు వేరు. ఆదాయపు పన్ను చట్టం వీటిలో మొదటిదాన్ని మాత్రమే తీసుకుని, దాని చుట్టూ తన సొంత గీత ఒకటి గీసుకుంటుంది.

ఆ గీత జనాభాను బట్టి ఉంటుంది. మునిసిపాలిటీ జనాభా పది వేలు దాటి లక్ష వరకు ఉంటే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల వరకు ఉంటే 6, పది లక్షలు మించితే 8 కిలోమీటర్ల లోపు ఉన్న సాగుభూమిని చట్టం పట్టణ భూమిగానే చూస్తుంది. జనాభా అంటే అమ్మే ఆర్థిక సంవత్సరం మొదలయ్యే నాటికి ప్రచురితమైన చివరి జనగణన లెక్క. 2011 లెక్కల్లో తిరుపతి నగరపాలక సంస్థ జనాభా సుమారు 2.87 లక్షలు, కాబట్టి మీకు వర్తించేది 6 కిలోమీటర్ల గీత. ఆ గీతకు అవతల ఉన్న సాగుభూమిని అమ్మితే మూలధన లాభాల పన్ను, అంటే ఆస్తి అమ్మగా వచ్చిన లాభంపై పడే పన్ను, అసలు ఉండదు.

మన వైపు చాలామంది పొరబడేది ఈ కొలత దగ్గరే. తిరుపతి ఎంత దూరం అంటే బస్టాండు నుంచి లెక్క చెప్పడం మనకు అలవాటు. చట్టం మాత్రం నగరపాలక సంస్థ చివరి అంచు నుంచి కొలుస్తుంది. అదీ రోడ్డు వెంట కాదు, పటం మీద స్కేలు పెట్టి గీసినట్టు నేరుగా. 2013 ఆర్థిక చట్టం సవరణకు ముందు దీనిపై వివాదాలు ఉండేవి, ఇప్పుడు సందేహం లేదు. నా దగ్గరికి వచ్చిన ఒక రైతు, రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు పైగా ఉందన్న ధీమాతో అడ్వాన్సు తీసుకుని వచ్చారు. దారి వంపులు తీసేసి సర్వే నంబరు నుంచి నేరుగా కొలిపిస్తే ఐదున్నరే తేలింది. బేరం ధర మాట్లాడేటప్పుడు పన్ను ఊసే లేదు కనుక భారమంతా ఆయన మీదే పడింది. ఆ రోజు ఆయన ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ తోట గీత లోపల పడితే ఎంత పోతుందో స్థూలంగా చూద్దాం. వారసత్వంగా వచ్చిన పాత భూమికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను, రిజిస్ట్రేషన్ విలువకు మించకుండా, కొన్న ధరగా తీసుకోవచ్చు. అది రెండు లక్షలు అనుకుంటే లాభం 88 లక్షలు. దానిపై 12.5 శాతం అంటే 11 లక్షలు. ఆదాయం 50 లక్షలు దాటుతుంది కాబట్టి పది శాతం సర్‌చార్జి, ఆపైన నాలుగు శాతం సెస్ కలిపితే దాదాపు 12.58 లక్షలు అవుతుంది. గీతకు అవతల పడితే ఇందులో ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు.

లోపల పడినా దారి ఉంది. అమ్మకానికి ముందు రెండేళ్లు మీరు గానీ మీ తల్లిదండ్రులు గానీ సాగు చేసి ఉంటే, అమ్మిన రెండేళ్లలోపు మరో సాగుభూమి కొని, పెట్టిన సొమ్ము మేరకు, 1961 చట్టంలో సెక్షన్ 54బిగా ఉన్న మినహాయింపు పొందవచ్చు. కొత్త భూమిని మూడేళ్లు అమ్మకూడదు. ఆదాయపు పన్ను రిటర్ను గడువు నాటికి కొనలేకపోతే సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. సాగు వివరాలు రాసే రెవెన్యూ రికార్డు అడంగల్‌లో సాగుదారుగా మీ పేరే ఉందా అన్నది ఇప్పుడే చూసుకోండి.

మీరు కొనాలనుకుంటున్న ఖాళీ ప్లాటుకు మాత్రం మినహాయింపు రాదు. మూడేళ్లలో దానిపై ఇల్లు పూర్తి చేస్తేనే, అమ్మే నాటికి మీకు ఒకటికి మించి ఇళ్లు లేకపోతేనే, 1961 చట్టంలో సెక్షన్ 54ఎఫ్‌గా ఉన్న మినహాయింపు వర్తిస్తుంది. ధర పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త: ప్లాట్లను కొలిచే అంకణమంటే తిరుపతిలో 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72.

గ్రేటర్ తిరుపతి అన్న మాట వినిపిస్తూనే ఉంది. చుట్టుపక్కల పంచాయతీలు నగరపాలక సంస్థలో కలిస్తే అంచు జరుగుతుంది, దానితోపాటే 6 కిలోమీటర్ల గీత కూడా జరుగుతుంది. అమ్మిన నాటి హద్దే లెక్కకు వస్తుంది. అందువల్ల ముందుగా లైసెన్సు ఉన్న సర్వేయరుతో నేరుగా దూరం కొలిపించి, తహసీల్దారు నుంచి ధ్రువపత్రం తీసుకోండి. తోటను ప్లాట్లుగా మార్చే దరఖాస్తు మీ పేరుతో వేయడానికి ఒప్పుకోకండి, వ్యవసాయ భూమిగానే రిజిస్టరు చేయండి. ఆ ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ముట్టుకోవద్దు, అగ్రిమెంటు మీద సంతకం చేయవద్దు.