డై తక్కువ వేసుకో తల్లీ

చిట్టితల్లికి పిన్ని ఆశీస్సులు.

కణాల్లో కాల్షియం తరంగాల మీద పీహెచ్‌డీ మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది. ఆ పనిలో దెబ్బలు తిన్నదాన్ని కదా.

కణాల్ని ఉంచే ద్రావణం, ఆ బఫర్ తాజాగా కలుపుకో. నోట్సు ఏ రోజుది ఆ రోజే రాసెయ్.

డై, అదే కాల్షియం తగిలితే వెలిగే రంగు, మాత్రం తక్కువ వేసుకో. నేను వెలుగుకి ఆశపడ్డాను. బొమ్మ మసగ్గా ఉందని మోతాదు రెట్టింపు చేశాను. కణాలు దీపాల్లా వెలిగాయి, తరంగం మాత్రం రాలేదు. ఈ కణాల్లో తరంగాలే లేవని మీటింగులో అందరి ముందూ తేల్చి చెప్పాను. ఐదు నెలలయ్యాక ఒకరోజు డై అడుగంటింది. ఉన్న కాస్తతోనే కానిచ్చాను. మసక కణంలో ఓ మూల చిన్న మెరుపు పుట్టింది. అవతలి అంచుకి పాకింది. నాలుగు సెకన్లు పట్టిందేమో. కుర్చీలోంచి లేవలేకపోయాను.

తరంగమంటే అదే కాల్షియం ఈ చివర నుంచి ఆ చివరకి ఈదడం కాదే. కణం లోపల కాల్షియం దాచుకునే గోదాము ఈఆర్. దాని మీద ఒక ఐపీ3 రిసెప్టర్, అంటే కాల్షియాన్ని వదిలే తలుపు, తెరుచుకుని వదిలిన కాస్త కాల్షియం పక్క రిసెప్టర్‌ని తెరిపిస్తుంది, అది దాని పక్కదాన్ని. కదలిక లేనప్పుడు సైటోప్లాజంలో, అంటే కణం లోపలి ద్రవంలో, ఉండే కాల్షియం 100 నానోమోలార్ చుట్టుపక్కలే, కణం బయట దానికి 10,000 రెట్లు. అందుకే లోపల చిటికెడు పెరిగినా కబురే. డై వెలగాలంటే కాల్షియాన్ని పట్టుకోవాలి. నేను పోసిన డై ఆ చిటికెడునీ దారిలోనే మింగేసింది. వెధవ ఆశ!

మోతాదు సగానికి, పావుకి తగ్గించి కూడా చూడు. తరంగం వేగం మారిందంటే నువ్వు కొలుస్తున్నది నీ డైనే.

1978లో మెడకా చేప గుడ్డులో తరంగాన్ని చూపించినవాళ్లకి ఈ డైలు లేవు. జెల్లీఫిష్ ప్రోటీన్ ఎక్వోరిన్‌ని సూదితో ఎక్కించారు. కంటికి ఆనని ఆ గుడ్డివెలుగులోనే, వీర్యకణం దిగిన కొస నుంచి రెండో కొసకి తరంగం సాగడం పట్టుకున్నారు.

డైని వెలిగించే లేజర్ కూడా తగ్గించు. ఎక్కువైతే కణం దెబ్బతిని, ఆ బాధకే కాల్షియం పెరుగుతుంది. నువ్వేమో తరంగమని మురిసిపోతావు.

రాత్రిళ్లు చీకటి గదిలో ఒక్కదానివే కూర్చుంటావేమోనని నా బెంగ. తిండి మానకు. మొదటి తరంగం కనబడితే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, వీడియో పంపు. మరీ ధగధగా మెరుస్తోందంటే మాత్రం తిడతాను.

మీ పిన్ని