వానలో స్టీరింగ్ తేలికైపోతే

నమస్కారమండీ. విజయవాడ హైవేపై నిలిచిన నీటిలోకి వేగంగా వెళ్లగానే స్టీరింగ్ తేలికైపోయి బండి పక్కకు జారిందని, బ్రేక్ గట్టిగా తొక్కితే పెడల్ అదిరిందని, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) పాడైందేమోనని అడిగారు. పెడల్ అదరడం లోపం కాదు. ఏబీఎస్ పనిచేస్తోందనడానికి అది గుర్తు. ముందుగా చూడవలసింది టైర్లను. పైనున్న గాడులు అరిగిన టైరు నీటిని పక్కలకు తోసివేయలేక నీటిపొర మీదే తేలిపోతుంది, ఇక రోడ్డుతో పట్టు ఉండదు. అలాంటప్పుడు బ్రేక్ తొక్కకుండా, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకొని, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయండి. వేగం తగ్గేకొద్దీ పట్టు మళ్లీ దొరుకుతుంది.

టైరు గాడుల అడుగున చిన్న దిమ్మెలు ఉంటాయి. రబ్బరు వాటి మట్టానికి అరిగిందంటే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టే. నా మటుకు, వానాకాలంలో 3 మిల్లీమీటర్ల దగ్గరే టైర్లు మార్చేయాలి. దయచేసి ఈ వారమే టైర్లను మెకానిక్‌కు చూపించండి.