ఎమ్మెస్సీ జెనెటిక్స్ చదివితే నరాల డాక్టర్ కాగలరా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బుల డాక్టర్ అవుతానంటోంది. నీట్‌లో ర్యాంకు రాకపోతే ఎమ్మెస్సీ జెనెటిక్స్ చేసినా అదే పని చేయొచ్చని ఎవరో చెప్పారట. నిజమేనా?

జవాబు: కాదండీ. ఎమ్మెస్సీ చేసినవాళ్లు ల్యాబులో జన్యు పరీక్షలు చేస్తారు, తగిన శిక్షణ ఉంటే కుటుంబాలకు జెనెటిక్ కౌన్సెలింగ్ ఇస్తారు. రోగిని పరీక్షించి జబ్బు తేల్చడం, మందు రాయడం డాక్టర్ పని. అమ్మాయికి వీటిలో ఏది ఇష్టమో ముందే అడగండి.

డాక్టర్ దారి పొడవైంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు. తర్వాత నీట్ పీజీ రాసి ఎండీ జనరల్ మెడిసిన్ లేదా పీడియాట్రిక్స్ 3 ఏళ్లు. ఆపై సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్ రాసి, నరాల వైద్యంలో సూపర్ స్పెషాలిటీ డిగ్రీ అయిన డీఎం న్యూరాలజీ మరో 3 ఏళ్లు. ప్రవేశ పరీక్షల ప్రిపరేషన్‌కు పోయే కాలం అదనం. అంటే 30 ఏళ్లు వచ్చేదాకా చదువే. జన్యువుల వైపే వెళ్లాలంటే డీఎం మెడికల్ జెనెటిక్స్ ఉంది. హైదరాబాద్ నిమ్స్, లక్నో ఎస్‌జీపీజీఐ లాంటి చోట్ల.

ఇక రోజువారీ పని. దీనికి మొదటి పరికరం స్కానింగ్ మిషను కాదు, కాగితం, పెన్ను. 3 తరాల వంశవృక్షం గీయాలి: మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బున్నవారిది నింపేయాలి, రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత. మన వైపు ఈ జంట గీత తరచూ పడుతుంది. తల్లిదండ్రులిద్దరూ ఒకే లోపపు జన్యువును మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. "మేనరికమా?" అని నిలదీస్తే కొందరు ముడుచుకుపోతారు, "పెళ్లికి ముందు మీరిద్దరూ ఏమవుతారు?" అంటే చెప్పేస్తారు. "ఎంతమంది పిల్లలు?" అంటే బతికున్నవాళ్లనే లెక్క చెబుతారు, "ఎన్ని కాన్పులు?" అనే అడగాలి. జబ్బున్న బాబాయి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటే, ఆయన నడిచే వీడియో వాట్సాప్‌లో తెప్పించుకోవాలి.

తప్పులు ఎక్కువగా జరిగేది పరీక్ష ఎంపికలో. జన్యువుల్లో ప్రొటీన్లను తయారుచేసే భాగాలన్నిటినీ ఒకేసారి చదివే ఖరీదైన ఎక్సోమ్ పరీక్ష చేయిస్తే అన్నీ బయటపడతాయనుకుంటారు. హంటింగ్టన్ అనే వంశపారంపర్య మెదడు జబ్బులో సీఏజీ అనే డీఎన్‌ఏ అక్షరాల గుంపు 40 సార్లు, అంతకుమించి రిపీట్ అవుతుంది. మామూలు ఎక్సోమ్ దాన్ని సరిగా లెక్కపెట్టలేదు, విడిగా రిపీట్ పరీక్ష పంపాలి. డుషెన్ కండరాల జబ్బుకు ముందు ఎంఎల్‌పీఏ, అంటే జన్యువులో ముక్కలు ఊడిపోయాయా, ఎక్కువయ్యాయా అని చూసే పరీక్ష, చేయించాలి. రిపోర్టులో "ప్రాముఖ్యం తెలియని మార్పు" అని వస్తే, దాన్నిబట్టి గర్భం ఉంచాలా వద్దా అని ఎవరికీ చెప్పకూడదు. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు మాత్రం మందులకు లొంగుతుంది. అందుకే ఒక బిడ్డలో బయటపడగానే తోడబుట్టినవాళ్లందరికీ, లక్షణాలు లేకపోయినా, పరీక్ష చేయించాలి.

నీట్ కుదరకపోతే విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఆ తర్వాత పీహెచ్‌డీకి హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి. గౌరవమైన దారే, కాకపోతే స్టెతస్కోపు ఉండదు.

ఒక్క మాట. డీఎం చేసి కాకినాడలోనో రాజమండ్రిలోనో కూర్చుంటే వచ్చేది ఎక్కువగా పక్షవాతం, ఫిట్స్, తలనొప్పి. వంశపారంపర్య జబ్బులే చూస్తానంటే జెనెటిక్స్ విభాగం ఉన్న పెద్ద సంస్థలో చేరాలి. అక్కడ సంపాదన ప్రైవేటు ప్రాక్టీసు అంత ఉండకపోవచ్చు.